దినచర్యయందు క్రైస్తవ విశ్వాసము: ఒంగోలు, దోర్నకలు తెలుగు సంఘముల అనుభవము

మతమును గూర్చి వ్రాయువారు సాధారణముగా దేవాలయములతోనో, గ్రంథములతోనో, పండుగలతోనో ఆరంభింతురు. ఈ వ్యాసమున నేను వేరొక మార్గమును అనుసరించుచున్నాను. ఒక మతమును స్వీకరించిన మనుష్యుడు మరునాటి యుదయమున లేచి ఏ పనికి పోయెను, ఏ పనికి పోననెను, ఏమి తినెను, ఏమి తినుట మానెను, ఊరివారు దానికేమనిరి అను ప్రశ్నలే యిచట విచారణీయములు. ఈ ప్రశ్నలకు తెలుగుదేశపు క్రైస్తవ సంఘముల చరిత్ర మిక్కిలి స్పష్టముగా సమాధానము చెప్పుచున్నది. ఏలయన ఆ సంఘములలో చేరినవారిలో అధిక సంఖ్యాకులు పొలములలోను, తోలు పనిలోను బ్రదుకు వెళ్లదీయువారు. వారి మతము వారి పనిలో కానరానిచో మరెచ్చటను కానరాదు.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములవారికి ఈ విషయము దూరదేశపు ముచ్చటగా తోపనక్కరలేదు. ఒంగోలు, దోర్నకలు పేర్లు మనకు రైలుబండి దారిలోని స్టేషనుల పేర్లుగనే తెలిసియుండవచ్చును. కాని 1895లో నెథర్, మోన్ అను ఇరువురు జర్మను పాదిరులు అమెరికాలోని మిస్సోరి లూథరను సంఘము పక్షమున తమ మిషనును మన కృష్ణగిరిలోనే ఆరంభించిరి. వారిలో నెథర్ 1904లో ప్లేగు సోకి కృష్ణగిరిలోనే మరణించెను. ఆంబూరు, వాణియంబాడి ప్రాంతములకు ఆ పని పిదప విస్తరించినది. అది ప్రధానముగా తమిళమున నడచిన సంఘము. తెలుగు మాటలాడు పామరజనము క్రైస్తవ ధర్మమును తమ దినచర్యలో నెట్లు ఇముడ్చుకొనిరో తెలిసికొనవలెనన్నచో ఒంగోలువైపు చూడవలెను.

అమెరికను బాప్టిస్టులు తెలుగువారిలో పని మొదలిడినది 1830వ దశకమున. సామ్యూలు డే అను పాదిరి దానికి ఆద్యుడు. పదునెనిమిది సంవత్సరములు గడచినను పట్టుమని పదిమంది చేరలేదు. అమెరికాలోని పెద్దలు దీనిని మూసివేయుదమా అని ఒకటికి రెండుమార్లు తర్కించుకొనిరి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దొర, ఆయన భార్య, వారితోగూడ కొలదిమంది తెలుగు క్రైస్తవులు ఒంగోలు పట్టణపు కొండపై ప్రార్థించిరనియు, నేటికిని ఆ కొండకు ప్రార్థనకొండ యను పేరు నిలిచినదనియు పలువురెరుగుదురు. ఆ చిన్న గుంపులో నెల్లూరి జూలియా యను తెలుగు స్త్రీ యొకతె యుండెను. మిషను చరిత్రలు దొరల పేర్లు పెద్ద అక్షరములతో ముద్రించి ఇట్టివారి పేర్లను ఒక పంక్తిలో ముగించుట నాకు ఎన్నడును రుచింపలేదు.

1866లో జాన్ ఎవెరెట్ క్లౌ అను పాదిరి ఒంగోలున స్థిరపడెను. ఆయన పూర్వవృత్తి భూమి కొలుచు సర్వేయరు పని. ఈ సంగతి పిదప అక్కరకు వచ్చును. అదే సంవత్సరమున ఎర్రగుంట్ల పేరయ్య యనునాతడు బాప్తిస్మము పొందెను. ఈతడు ఒంగోలునకు పడమట నలువది మైళ్ల దూరమున గల తాళ్లకొండపాడు గ్రామపు మాదిగ, తోళ్ల వ్యాపారి. సరకు నిమిత్తము కృష్ణా గోదావరుల వైపు పోవుచుండెడివాడు. అంతకు పూర్వము రాజయోగ గురువుల నాశ్రయించి, విగ్రహములకు అతీతుడైన దేవుని వెదకినవాడు. కావున క్రైస్తవ బోధ అతనికి హఠాత్తుగా ఆకాశమునుండి పడినది కాదు. అతడు వెదకుచున్న దారిలోనే ఎదురైనది. బాప్తిస్మము పొంది తన యూరికి మరలిన పేరయ్య తోలు పనిని విడువలేదు, బంధువులను విడువలేదు. ఊరూరు తిరిగి తనవారి నడుమ కూర్చుండి మాటలాడెను. క్లౌ దొర రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో ఈ జనులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, దానికి చెప్పులు కుట్టుచుండగా అను అర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ పేరులోనే ఈ వ్యాస విషయము సగము ఇమిడియున్నది.

ఇట్లు చేరిన వారికి మొదట ఏర్పడిన నియమములు మూడే. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్నపిల్లల పాఠమువలె నున్నవి. కాని గ్రామ వ్యవస్థ నెరిగినవానికి ఈ మూడింటిలో ఒక్కొక్కటి ఎంత బరువైనదో తెలియును.

ఆదివారపు సంగతి మొదట చూతము. వారమునకొకనాడు పని మానుట యనునది ఆనాటి తెలుగు గ్రామమునకు తెలియదు. పల్లెలో కాలము తిథిని బట్టి, కార్తెను బట్టి, పండుగను బట్టి నడచును. వారమునకు గుర్తు సంత మాత్రమే. కన్నడసీమ పల్లెలలో సోమవారమునాడు ఎద్దుమెడపై కాడి మోపరు. బసవని యెడ భక్తిచే వచ్చిన యీ ఆచారము సరిహద్దున నున్న మా జవళగిరి వైపువారికి పరిచితమే. ఎద్దునకు విశ్రాంతిదినము కలదు. ఎద్దు లాగు కపిలకు తోలుబానను కుట్టిన మనుష్యునకు మాత్రము లేదు! మాదిగవాడు గ్రామమునకు కట్టుబడినవాడు. చెప్పులు, పలుపులు, వార్లు, మోట తొండములు కుట్టి యిచ్చుట, కోతకాలమున పొలములో నిలుచుట, అధికారులు వచ్చినపుడు మూటలు మోయుట, పిలిచినవెంటనే పోవుట అతని వంతు. దానికి మారుగా కళ్లములో ధాన్యపు మేర అతనికి ముట్టును. ఈ యేర్పాటులో ఏడవనాడు నేను రాను అని చెప్పుట సెలవు అడుగుట వంటిది కాదు. నా కాలములో కొంత భాగము నీది కాదు అని భూస్వామితో పలుకుటయే యగును. తరతరములుగా అట్టి మాట వినని చెవులకు అది ఎట్లుండెనో ఊహింపవచ్చును.

రెండవ నియమము భోజనమునకు సంబంధించినది. చచ్చిన పశువు మాదిగవానికి చెందును. తోలు తీసి పదును చేయుట అతని వృత్తి. మాంసము అతని కడుపునకు ఆధారము. కరవు కాలమున అదియే ప్రాణము నిలిపెడిది. దానిని మానుటవలన రైతునకు నష్టమేమియు లేదు. తినువాడు మాత్రము కొన్ని పూటల యాహారము పోగొట్టుకొనెను. తోలు పని యథాప్రకారము జరుగుచుండెను. మరి దీనివలన లాభమేమనగా, పశువులు గుంపుగా చచ్చినపుడు విషము పెట్టిరను నింద ఈ కులముపై పడుట ఆ దినములలో సామాన్యము. మాంసము ముట్టనివానిపై ఆ నింద నిలువదు. మరియు ఈ యాహారమే తమ తక్కువతనమునకు గుర్తని పదిమంది అనుచుండగా, ఆ గుర్తును తమంతట తామే చెరిపివేయుటలో ఒక ఆత్మగౌరవము కలదు. బయటివారు బలవంతపెట్టి మాన్పించిన యెడల ఆ గౌరవము ఉండెడిది కాదు.

మూడవది ఊరి దేవతల జాతరలకు తగిలెను. పూజింపరాదు అనగా తమ యింటి గూటిలోని రాళ్లను తీసివేసిన చాలునని మనము తలంచుదుము. అంతతో తీరలేదు. గ్రామదేవతకు కొలుపు జరుగునపుడు తప్పెట వాయించువారు మాదిగలు. వారు వాయింపమనినచో జాతర నిలిచిపోవును. వానలు రాకున్నను, మశూచి వచ్చినను ఆ దోషము వారిపై బడును. ఇచట నా యభిప్రాయ మొకటి చెప్పకుండ ఉండజాలను. తప్పెట నిషేధము ఆ కాలమున తప్పనిసరియై యుండవచ్చును గాని, దానివలన ఒక గొప్ప కళ ఆ యిండ్లలో కొంతకాలము మూగవోయినది. తప్పెటకు మతము లేదు, వాయించువానికే కలదు. తరువాతి తరములవారు భజనలకును, పండుగ ఊరేగింపులకును ఆ వాద్యమును మరల చేపట్టుట సంతోషము.

ఫలితము త్వరలోనే కనబడెను. పలు గ్రామములలో కరణము, మునసబు, మోతుబరులు కూడి ఈ కొత్తమతమువారిని కట్టడి చేసిరి. నీటికి పోనీయలేదు, పశువులను ఊరిబయళ్లలో మేయనీయలేదు, చాకలి, కుమ్మరులను వారికి పని చేయవలదనిరి, కళ్లములో మేర యియ్యలేదు. కొందరిపై దొంగతనపు నేరములు మోపిరి. క్లౌ దొర కొన్నింటిని కోర్టుల వరకు తీసికొనిపోయెను, కొన్నిచోట్ల పెద్దలతో రాజీ మాటలాడెను. దొర పలుకుబడి వారికి కొంత రక్షణ యైనది నిజమే. కాని దొర ఒంగోలున నుండును. గూడెమున రాత్రి నిద్రించువాడు గూడెపువాడే. తెల్లవారి పని యిచ్చువాని ముఖము చూడవలసినవాడును అతడే. కావున ఈ నియమములు నిలిచినవనిన అది ప్రధానముగా వారి ఓర్పువలననే.

మరియొక సంగతి. ఒంగోలు పట్టణమున పై కులముల విద్యార్థులు క్లౌ దొర పాఠశాలకు వచ్చుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని వారు స్పష్టముగా చెప్పిరి. దొర, ఆయన భార్య వేర్వేరు గదులలో కూర్చుండి వేదపుస్తకము తెరువగా, దేవుడు లోకములో తృణీకరింపబడినవారిని ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన యధ్యాయమే ఇరువురికిని తటస్థించినదని ఆయన చెప్పియున్నాడు. దానిని దైవసంకల్పమని నమ్మువారు నమ్ముదురు. నమ్మనివారు సహితము దాని పర్యవసానమును చరిత్రగా ఒప్పుకొనవలెను: పాఠశాలలో కొన్ని బల్లలు ఖాళీ యయ్యెను, గూడెములలో సంఘము పెరిగెను.

ఇక 1876లో వానలు తప్పినవి. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిని పట్టిన ఆ మహాక్షామము మన సేలము జిల్లాను సహితము మిక్కిలి పీడించినదని మన ముత్తాతల కాలపు కథలు వినినవారికి తెలియును. ఒంగోలు ప్రాంతమున అది భయంకరమయ్యెను. ప్రభుత్వము కూలి కల్పించుటకై బకింగుహాము కాలువను త్రవ్వింపబూనినది. క్లౌ దొర అందు సుమారు మూడు మైళ్ల మేర కంట్రాక్టు పుచ్చుకొనెను. సర్వేయరు విద్య ఇచట ఉపకరించినది: కొలతలు తానే వేసెను, గుంతలు తానే పంచెను. బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. వేలాదిమంది, క్రైస్తవులు కానివారే యెక్కువ, ఆ కాలువగట్టున గుడిసెలు వేసికొని పని చేసిరి.

దీనిలో విశేష మేమనగా, పని యిప్పించు అధికారులు చాలమంది కూలివానిని తిట్టియు కొట్టియు పని చేయించుట వాడుకగా నుండిన కాలమున, ఈ మూడు మైళ్లలో మేస్త్రీయే కూలివాని ప్రక్కన కూర్చుండి అతని కష్టము వినుచుండెను. మధ్యాహ్నపు విరామమున, ప్రయాసపడి భారము మోయువారికి విశ్రాంతి కలదను క్రీస్తు పిలుపును వారు చెప్పుచుండిరి. తట్ట మోసి భుజము బొబ్బలెక్కినవానికి ఆ మాట వ్యాఖ్యానము లేకయే అర్థమగును. బోధ పనినుండి వేరుగా లేదు. కూలి లెక్క సరిగా వ్రాయుట సహితము బోధలో భాగమే యయ్యెను.

ఇంతమంది మెచ్చి చేరుదుమని వచ్చినను క్లౌ దొర ఒప్పుకొనలేదు. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని, ధర్మధనము పంచుచున్నంతకాలము, సుమారు పదునైదు నెలలు, ఒక్కనికైనను బాప్తిస్మ మియ్యలేదు. 1878లో సహాయము పంచుట నిలిపి, ఇక మాయొద్ద ఇచ్చుటకు ధనము లేదు, మీ యిండ్లకు పొండని చెప్పి పంపినను జనము తగ్గలేదు. ఆ సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి రేవునొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరువారములలో ఆ సంఖ్య ఎనిమిదివేలు దాటెను. నీటిలో దిగి ఆ సంస్కారము జరిపినవారు తెలుగు బోధకులే. దొర గట్టుననే యుండెను.

ఈ సంఖ్య లోకమంతట మారుమ్రోగినది. కాని నా దృష్టిలో ఆ పదునైదు నెలల నిరీక్షణ యెక్కువ విలువగలది. కూలి వేరు, విశ్వాసము వేరు, ఒకదానిని చూపి మరియొకదానిని కొనరాదు అని కరవులో, ఆకలిగొన్నవారి యెదుట నిలిచి పాటించుట సులభము కాదు. అయినను విమర్శ నిలువకపోలేదు. అన్నము పెట్టిన చేతిని మరువలేక చేరిరని చెప్పువారు నాడును కలరు, నేడును కలరు. దీనికి సమాధానము అంకెలలో దొరకదు. క్షామము తీరి గంజికేంద్రములు మూసిన పిదప వారి పిల్లలు ఏమి చేసిరను దానిలో వెదకవలెను. గూడెములలో రాత్రి బడులు వెలసినవి. బోధకునకు జీతము దొరలనుండి గాక గురువునకు శిష్యులు ధాన్యమిచ్చు పాత పద్ధతిని ఊరివారే కొంతవరకు ఇచ్చుచుండిరి.

ఇప్పుడు దోర్నకలునకు వత్తము. ఇచటి కథానాయకుడు మనకు మిక్కిలి దగ్గరివాడు, ఏలయన ఆయన తమిళుడు. వేదనాయకం శామ్యూలు అజరయ్య తిరునెల్వేలి ప్రాంతమున వెళ్లాళన్‌విళై గ్రామమున 1874లో జన్మించెను. దేశీయులు తమ ధనముతో తమవారినే పంపవలెనను పట్టుదలతో 1903లో తిరునెల్వేలిలో ఇండియను మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ముఖ్యుడు. పిదప తానే 1909లో నిజాము రాజ్యమందలి దోర్నకలునకు వచ్చి, ముప్పదియైదవ యేట తెలుగు నేర్చుకొని, గుడారమున కాపురముండెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషపు పదవి లభించినది. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. తమిళదేశమున తెలుగు నేర్పుటయే వృత్తిగా గల నావంటివానికి, తెలుగుదేశమున తెలుగు నేర్చుకొన్న ఈ తమిళుని యెడ ప్రత్యేకాభిమానము కలుగుటలో ఆశ్చర్యము లేదు. మాతృభాషనే దేవభాషగా భావించి కూర్చున్నచో ఆ గూడెములలో ఆయన మాట ఒక్క గుమ్మమునైనను దాటియుండదు.

అజరయ్య బోధలో మూలసూత్రము, బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షియే యనునది. సాక్ష్యమిచ్చుట కేవలము ఉపన్యాసకుల పని కాదు. బాప్తిస్మ సమయమున ప్రతివాడును తన చేయి తన శిరస్సుపై నుంచుకొని, సువార్త ప్రకటింపకున్న నాకు శ్రమ అను భావము గల పౌలు మాటను పలుకవలెనని ఆయన పెట్టిన పద్ధతి ప్రసిద్ధము. చదువురాని కూలివాడు ఏమి ప్రకటించును? త్రాగుడు మానును, అప్పు తీర్చును, భార్యను కొట్టుట మానును, అదియే ప్రకటన. త్రాగుడును గూర్చి ఆయన ఎడతెగక పోరాడెను. సంఘ సభ్యుడు తన ఆదాయమునుండి తానే యియ్యవలెనని, పరదేశపు ధనముపై వ్రాలి బ్రదుకరాదని బోధించి, క్రైస్తవులు ఇచ్చుటను గూర్చి ఒక పుస్తకమే వ్రాసెను. రూకలు లేనివారు ధాన్యమిత్తురు, కోడిని, గ్రుడ్లను, గుమ్మడికాయను ఇత్తురు. తెలుగు సంఘములలో పిడికెడు బియ్యమను ఆచారము చాలమంది ఎరుగుదురు. వంటకు బియ్యము కొలిచినపుడు గృహిణి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. ఆదివారమునాడు ఆ కుండ గుడికి పోవును. ప్రతిదినము, ప్రతిపూట, పొయ్యియొద్దనే జరుగు ఈ యర్పణకు పాదిరి అక్కరలేదు, గంట అక్కరలేదు. నా యెరుకలో దినచర్యయు మతమును ఇంతకంటె దగ్గరగా కలిసిన చోటు లేదు.

కూలివారు పగటివేళ ప్రార్థనకు రాజాలరు. అందుచేత పల్లె సంఘములలో ఆరాధన ముఖ్యముగా రాత్రివేళ, పొలమునుండి వచ్చి గంజి త్రాగిన పిదప, లాంతరు వెలుగున జరుగుచుండెను. చదువు లేనివారికి పాఠము పాటరూపమున నోటికి వచ్చెడిది. దోర్నకలులో కట్టబడి 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయము కూడ దక్షిణదేశపు స్తంభములను, ముసల్మానుల గుంబజులను కలిపికొనియున్నది. అది చూచుటకు మనోహరము. కాని లాంతరు వెలుగునందలి కూటమే ఆ సంఘమునకు నిజమైన పునాది యని నేను తలంతును.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష కులము. మాలలు, మాదిగలు ఇరువురును క్రైస్తవులైన పిదప సహితము ఒకరి నీరు ఒకరు త్రాగని చోట్లుండెను. గుంటూరు లూథరను సంఘమున మాలలు, ఒంగోలు బాప్టిస్టు సంఘమున మాదిగలు అధికముగా నుండుటయే ఆ గోడకు గుర్తు. ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనుటకు అజరయ్య పట్టుపట్టెను. కొన్నిచోట్ల గెలిచెను, కొన్నిచోట్ల ఓడెను. 1936, 37 సంవత్సరములలో సామూహిక మతాంతరములను గాంధీజీ తీవ్రముగా విమర్శించినపుడు, ఈ జనులలో కలిగిన మార్పును అజరయ్య సాక్ష్యముగా చూపెను. ఆ వాదము నేటికిని ముగియలేదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరింపబడినను క్రైస్తవులకు చెందలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో అట్టివారు వెనుకబడిన తరగతుల సి వర్గమున లెక్కింపబడుచున్నారు. కావున బడిలో పిల్లవానిని చేర్చు దినమున దరఖాస్తులో మతము అను గడి యెదుట తండ్రి కలము నిలుచును. ఆ గడి నింపుట సహితము దినచర్యలోని విశ్వాస పరీక్షయే. దానిని ఇంటివాడే తేల్చుకొనవలెను, బయటినుండి మనము తీర్పు చెప్పుట తగదు.

చివరకు భాషను గూర్చి ఒకమాట. తెలుగు క్రైస్తవుల నోట నిలిచిన కీర్తనలలో పురుషోత్తమ చౌదరిగారివి తలమానికములు. 1803లో బ్రాహ్మణకుటుంబమున జన్మించి 1890 వరకు జీవించిన ఆయన, త్యాగరాజాదుల కీర్తన ఫక్కిలోనే రాగతాళములతో క్రైస్తవ భక్తిని పాడెను. నూరేండ్ల పిదపను నాగలి దున్నువారు, నారు నాటువారు వానిని పాడుకొనుట ఆశ్చర్యకరము. సంస్కృత సమాసములు వారి నోట నలిగి సులభములైనవి. గుఱ్ఱము జాషువ గుంటూరు లూథరను పాఠశాలలో కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండినవాడు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆ గూడెముల భాష పండిత సభకెక్కుటకు ఎనుబదేండ్లు పట్టెనన్నమాట.

మా వైపు సంగతి వేరు. 2006 నాటి తమిళ బోధనా చట్టము ననుసరించి ఒకటవ తరగతినుండి క్రమముగా తమిళము మొదటి భాషగా నిర్బంధమైనది. తెలుగు పిల్లవానికి తెలుగు చదువు గంటలు తగ్గినవి. నేను బడిలో చూచుచున్నదేమనగా, రాత్రివేళ ఇంట పెద్దవారు తెలుగు పుస్తకము నొకదానిని బిగ్గరగా చదువు అలవాటు గల యిండ్ల పిల్లలు, ఆ పుస్తకము భారతమైనను, వేమన పద్యములైనను, తెలుగు బైబిలైనను, కీర్తనల పుస్తకమైనను, ఒత్తులు తడబడక చదువుచున్నారు. క్రైస్తవుల యిండ్లలో ఆ చదువు ప్రతిదినము భోజనమునకు ముందు జరుగును. అవ్వ చదువును, మనుమడు అందుకొనును. ఒక పంక్తి తప్పిన అవ్వయే దిద్దును.